చిన్న మాటకు ఉరిశిక్ష వేసే చోట, చంపమనే ప్రసంగాలు ఎలా చెల్లుతున్నాయి?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్తాను. పాకిస్తాన్ లాంటి దేశాల్లో మతం గురించి నోరు జారితే ఉరిశిక్ష దాకా వెళ్తుంది కదా, మరి అదే దేశంలో మైకు పట్టుకుని ఫలానావాణ్ణి చంపాలి అని పిలుపునిచ్చేవాళ్లకు ఏమీ కావడం లేదు, భావ స్వేచ్ఛే లేని చోట వీళ్లకు మాత్రం ఇంత స్వేచ్ఛ ఎక్కడిది, ఇది ఆ మతంలోనే ఉందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. హింసకు ఉసిగొల్పే మాటను శిక్షించే చట్టాలు పాకిస్తాన్‌లో కావలసినన్ని ఉన్నాయి. వాటిని వాడాలంటే పోలీసుకూ, జడ్జికీ, మంత్రికీ ప్రాణభయం. దైవదూషణ చట్టాన్ని వాడకపోతే కూడా వాళ్లకు ప్రాణభయమే. ఈ రెండు భయాలూ మనిషిని ఒకే వైపుకు తోస్తాయి, మీకు కనిపిస్తున్న వింత అక్కడి నుంచే వచ్చింది. మతంలోనే ఉందా అంటే, లేదు అనే నా జవాబు. ఎందుకో చివర్లో చెప్తాను.

నేను హైదరాబాద్‌లో ఒక తెలుగు దినపత్రిక అంతర్జాతీయ డెస్క్‌లో 23 ఏళ్లు పనిచేశాను. పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఇండోనేసియా వార్తలు చాలావరకు నా చేతి మీదుగానే వెళ్లేవి. ముస్లిం దేశాలన్నిటినీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు, యాభైకి దగ్గర దేశాలు, ఒక్కోదానిది ఒక్కో కథ. అందుకని నాకు బాగా తెలిసిన పాకిస్తాన్ గురించే ఎక్కువ చెప్తాను.

ముందు ఆ చట్టం పుట్టుక తెలియాలి, అది మనకూ చుట్టరికం ఉన్న చట్టమే. 1920లలో లాహోర్‌లో ప్రవక్త ముహమ్మద్ మీద వచ్చిన ఒక చిన్న పుస్తకం పెద్ద గొడవ అయింది. ప్రచురణకర్త రాజ్‌పాల్ మీద కేసు పెడితే, అప్పటి శిక్షాస్మృతిలో దానికి సరిపోయే సెక్షన్ లేదని 1927లో లాహోర్ హైకోర్టు విడుదల చేసింది. అదే ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం, మతభావాలను కావాలని గాయపరిస్తే శిక్షించే 295-ఎ సెక్షన్ చేర్చింది. 1929లో ఇల్ముద్దీన్ అనే కుర్రాడు రాజ్‌పాల్‌ను కత్తితో పొడిచి చంపాడు, అతణ్ణి ఉరితీశారు. ఆ 295-ఎ దేశ విభజన తర్వాత రెండు వైపులా మిగిలింది. మన దగ్గర 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299 అయింది.

ఇప్పుడు ఒక్క పదం గమనించండి. 295-ఎ కింద శిక్ష పడాలంటే కావాలని, దురుద్దేశంతో అన్నాడని రుజువు కావాలి. 1986లో సైనిక పాలకుడు జియా ఉల్ హక్ హయాంలో చేర్చిన 295-సిలో ఆ ఉద్దేశం అన్న మాటే లేదు. మాటతో గానీ, రాతతో గానీ, సూచనగా గానీ, నేరుగా గానీ, పరోక్షంగా గానీ ప్రవక్తను అవమానిస్తే మరణశిక్ష లేదా యావజ్జీవం అన్నారు. 1990లో ఫెడరల్ షరియత్ కోర్టు (చట్టాలు ఇస్లాంకు లోబడి ఉన్నాయో లేదో చూసే కోర్టు) యావజ్జీవం కూడా కుదరదు, మరణశిక్ష ఒక్కటే అని తేల్చింది. (మేం పత్రికల్లో దైవదూషణ అని రాస్తాం గానీ ఆ మాట పూర్తిగా అతకదు, ఈ సెక్షన్ దేవుడి గురించి కాదు, ప్రవక్త గౌరవం గురించి.)

ఇంకో చిక్కు కూడా ఉంది. నిందితుడు ఏమన్నాడని ఆరోపణో ఆ మాటల్ని మళ్లీ పలకడమే నేరం అవుతుందని అక్కడ అందరికీ భయం. టీవీలు చెప్పవు, పత్రికలు రాయవు, కోర్టులో సాక్షులూ నసుగుతారు. దాంతో అసలు ఏం మాట అన్నారో ఊళ్లో ఎవరికీ తెలియదు, అన్నారన్న ఆరోపణ మాత్రం మసీదు లౌడ్‌స్పీకర్లో వినిపిస్తుంది. నా దృష్టిలో మీరు అడిగిన తీవ్రవాద ప్రసంగం మొదలయ్యేది ఇక్కడే. సభ పెట్టి, జెండాలు కట్టి చేసేది ఆ తర్వాత.

ఒక రోజు సంగతి చెప్తాను. 2011 జనవరి 4. సాయంత్రం డ్యూటీలో ఉన్నాను. పంజాబ్ గవర్నర్ సల్మాన్ తసీర్‌ను ఇస్లామాబాద్ కోహ్సార్ మార్కెట్లో కాల్చి చంపారని ఏజెన్సీ ఫ్లాష్ వచ్చింది. చంపింది ఆయన సొంత అంగరక్షకుడు ముంతాజ్ ఖాద్రీ. చుట్టూ ఉన్న మిగతా గార్డులు ఒక్క తూటా కూడా పేల్చలేదు. జిల్లా ఎడిషన్ వదిలేసే టైమైపోతోంది, టెన్షన్‌లో నేను పెట్టిన హెడ్డింగ్ అర్థం ఏమిటంటే, దైవదూషణను సమర్థించిన గవర్నర్ హత్య. పేజీ వెళ్లిపోయాక మా ఇన్‌చార్జి ప్రింటవుట్ నా ముందు పెట్టి "ఆయన దూషణను ఎక్కడ సమర్థించాడు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. తసీర్ చేసింది రెండే పనులు. ఆసియా బీబీ అనే క్రైస్తవ కూలీ మహిళకు దైవదూషణ ఆరోపణపై మరణశిక్ష పడితే 2010 నవంబరులో షేఖుపురా జైలుకెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ చట్టాన్ని నల్ల చట్టం అన్నాడు. చట్టాన్ని విమర్శించడమే దూషణ అని అక్కడి మతవాద పార్టీలు నెలన్నర ఊదరగొట్టాయి, హైదరాబాద్‌లో కూర్చున్న నేను ఆ వాదనను హెడ్డింగ్‌గా దించేశాను. సిటీ ఎడిషన్‌కి మార్చాం గానీ, జిల్లాలకు వెళ్లింది వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇన్నేళ్లలో "ఆరోపణపై" అన్న మాట లేకుండా ఇలాంటి వార్త నా చేతి నుంచి ఒక్కటి కూడా పోలేదు.

మర్నాడు వచ్చిన ఫొటో ఇంకా కళ్ల ముందు ఉంది. ఖాద్రీని కోర్టుకు తెస్తుంటే అతని మీద గులాబీ రేకులు చల్లుతున్నారు. చల్లుతున్నవాళ్లలో నల్లకోటు వేసుకున్న లాయర్లు ఉన్నారు. తసీర్ జనాజా నమాజుకు, అంటే అంత్యక్రియల ప్రార్థనకు, ఎవరూ వెళ్లకూడదని 500 మంది ఉలేమాల (మత పండితుల) పేరుతో ప్రకటన వచ్చింది. కొద్ది రోజుల ముందు రావల్పిండిలో విన్న ప్రసంగమే తనను కదిలించిందని ఖాద్రీ వాంగ్మూలంలో చెప్పాడు. ఉసిగొల్పడం అనే నేరానికి ఇంతకన్నా తిన్నని ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? ఖాద్రీకి ఉరిశిక్ష వేసిన జడ్జి దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది. తసీర్ చనిపోయి రెండు నెలలు తిరగకముందే, మార్చి 2న, ఆ చట్టాన్ని సవరించాలన్న మంత్రి షాబాజ్ భట్టీని కూడా కాల్చి చంపారు. పార్లమెంటులో పెట్టిన సవరణ బిల్లు వెనక్కి పోయింది.

ఇక ప్రసంగాల భాష గురించి. ఇలాంటి సభల్లో చాలామంది "వెళ్లి చంపండి" అని నేరుగా అనరు. వాజిబుల్ ఖత్ల్ అంటారు. వాజిబ్ అంటే తప్పక చేయాల్సింది, ఖత్ల్ అంటే చంపడం. ఫలానావాడు వాజిబుల్ ఖత్ల్ అంటే వాణ్ణి చంపడం విధి అని. ఎవరు చంపాలో చెప్పడు, ఎప్పుడో చెప్పడు. రేపు కేసు పెడితే నేను మతపరమైన అభిప్రాయం చెప్పాను అంతే అంటాడు. వింటున్న వేల మందిలో ఒక్కడు అది తనకే చెప్పాడనుకుంటే చాలు. తెలుగులో మేం దీన్ని మొదట్లో "మరణానికి అర్హుడు" అని రాసేవాళ్లం, అది తప్పు, బరువు తగ్గిపోతుంది. చంపడం బాధ్యత అన్నట్టు రాస్తేనే ఆ మాట ఏం చేస్తుందో పాఠకుడికి తెలుస్తుంది.

మరి చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1997 ఉగ్రవాద నిరోధక చట్టంలో మతద్వేషం రెచ్చగొట్టడం నేరం. 2014 డిసెంబరు 16న పెషావర్ ఆర్మీ స్కూల్లో పిల్లల్ని చంపిన తర్వాత వచ్చిన జాతీయ కార్యాచరణ ప్రణాళికలో ద్వేష ప్రసంగాలను అణచివేస్తామన్నారు, పంజాబ్‌లో 2015లో లౌడ్‌స్పీకర్ల మీద ప్రత్యేక చట్టమే చేశారు. చిన్న చిన్న మసీదుల వాళ్ల మీద కేసులు పడ్డాయి కూడా. పెద్ద గొంతుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

ఎలా ఆగిందో ఫైజాబాద్ ధర్నా చూస్తే తెలుస్తుంది. 2016 ఫిబ్రవరి 29న ఖాద్రీని ఉరితీశారు. అతణ్ణి వీరుడిగా నిలబెట్టి పెరిగిన ఉద్యమం నుంచి ఖాదిమ్ హుస్సేన్ రిజ్వీ నాయకుడుగా తెహ్రీక్-ఎ-లబ్బైక్ పార్టీ లేచింది. 2017 నవంబరులో, ఎన్నికల చట్టంలో ముహమ్మదే చివరి ప్రవక్త అని అభ్యర్థి చేసే ప్రమాణం మాటలు కొంచెం మారాయని, అది ప్రవక్తను అవమానించడమేనని, ఇస్లామాబాద్‌కు రావల్పిండికి మధ్య ఉన్న ఫైజాబాద్ కూడలిలో దాదాపు మూడు వారాలు రోడ్డు కట్టేశారు. ప్రభుత్వం ఆ మాటల్ని పాత పద్ధతికే మార్చింది, అయినా వాళ్లు లేవలేదు. చివరికి న్యాయశాఖ మంత్రి రాజీనామా చేశాకే లేచారు. ఒప్పందం కుదిరాక ఆందోళనకారులకు యూనిఫాంలో ఉన్న ఒక అధికారి కవర్లలో వెయ్యి రూపాయలు పెట్టి ఇస్తున్న వీడియో బయటికొచ్చింది. దాన్ని నేను డెస్క్‌లో నాలుగైదుసార్లు చూశాను. ఆ కవర్ అందుకున్నవాడికి తన మాటకు హద్దు ఉందని ఎలా అనిపిస్తుంది?

ఆ మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆ పార్టీకి 20 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. 2018 అక్టోబరు 31న సుప్రీంకోర్టు ఆసియా బీబీని నిర్దోషి అని విడుదల చేస్తే, ఆ పార్టీ నాయకుల్లో ఒకరు తీర్పు ఇచ్చిన జడ్జీలను చంపాలని బహిరంగంగా అన్నాడు. ప్రభుత్వం మొదట మూడు రోజుల్లో రాజీ పత్రం మీద సంతకం పెట్టింది, అరెస్టులు తర్వాతెప్పుడో చేసింది. ఈ పార్టీని 2021 ఏప్రిల్లో నిషేధించారు, అదే ఏడాది నవంబరులో ఎత్తేశారు, 2025 అక్టోబరులో మళ్లీ నిషేధించారు. చట్టం ఏం చెబుతోందో చూసి చేసే పని ఇలా ఉండదు, ఆ వారం రోడ్డు మీద ఎంతమంది ఉన్నారో చూసి చేసే పనే ఇలా ఉంటుంది.

ఒకటి మాత్రం మర్చిపోకండి. దైవదూషణ కేసుల్లో మరణశిక్షలు చాలా పడ్డాయి గానీ, పాకిస్తాన్ ప్రభుత్వం ఇప్పటిదాకా ఆ సెక్షన్ కింద ఒక్కరినీ ఉరితీయలేదు. చంపింది గుంపులూ, ఒంటరి హంతకులూ. 2017 ఏప్రిల్లో మర్దాన్‌లో మషాల్ ఖాన్ అనే విద్యార్థిని యూనివర్సిటీలోనే తోటి విద్యార్థులు కొట్టి చంపారు, అతను దూషించినట్టు దర్యాప్తులో ఆధారమే దొరకలేదు. 2021 డిసెంబరులో సియాల్‌కోట్‌లో ఫ్యాక్టరీ మేనేజరుగా పనిచేస్తున్న శ్రీలంక వాసి ప్రియంత కుమార అలాగే పోయాడు. అందుకే ఎవరైనా నన్ను "ఆ చట్టం రద్దయితే సరిపోతుందా?" అని అడిగితే సరిపోదు అంటాను. చట్టం పోయినా, వాజిబుల్ ఖత్ల్ అనేవాణ్ణి అదుపులో పెట్టకపోతే చావులు ఆగవు.

ఇండోనేసియా ఉదాహరణ ఒకటి. ఒక్క పదం ఎంత పని చేయగలదో అక్కడ చూశాం. 2016 సెప్టెంబరులో జకార్తా గవర్నర్ అహోక్, చైనా మూలాలున్న క్రైస్తవుడు, ఒక దీవిలో జాలర్లతో మాట్లాడుతూ, అల్ మాయిదా (ఖురాన్‌లో ఒక అధ్యాయం) 51వ వాక్యం ఉపయోగించి మిమ్మల్ని మోసం చేస్తున్నారు అన్నాడు, అంటే తనకు ఓటెయ్యకూడదని ప్రచారం చేసే రాజకీయ నాయకుల్ని ఉద్దేశించి. వాళ్ల భాషలో ఆ 'ఉపయోగించి'కి పకాయ్ అంటారు. ఆ వీడియో ముక్కను ఫేస్‌బుక్‌లో పెట్టినతను రాసిన వాక్యంలో పకాయ్ లేదు. పకాయ్ తీసేస్తే ఖురాన్ వాక్యమే మోసం చేస్తోందన్న అర్థం వస్తుంది. లక్షల మంది వీధుల్లోకి వచ్చారు, అహోక్ ఎన్నిక ఓడిపోయాడు, 2017 మేలో రెండేళ్ల జైలు శిక్ష పడింది. వీడియో పెట్టినతనికి కూడా అదే ఏడాది ఏడాదిన్నర శిక్ష వేశారు. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది.

అయితే, ప్రభుత్వం గట్టిగా పట్టుకుంటే చాలు అనుకోకండి, దానికీ చేదు అనుభవం ఉంది. ట్యునీషియాలో 2013లో షుక్రీ బిలయీద్ అనే ప్రతిపక్ష నాయకుణ్ణి ఇంటి ముందే కాల్చి చంపిన తర్వాత, 2014 రాజ్యాంగంలో 6వ అధికరణం కింద ఒక గొప్ప మాట రాసుకున్నారు, ఎవరినైనా మతం నుంచి వెలి అయ్యాడని ప్రకటించే తక్ఫీర్ పిలుపుల్ని రాజ్యం నిషేధిస్తుంది అని. తక్ఫీర్ అంటే తోటి ముస్లింని కాఫిర్ (అవిశ్వాసి) అనడం, చాలా చోట్ల హత్యకు అదే తొలి మెట్టు. అది చదివినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది. ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఆ రాజ్యాంగమే పోయింది, 2022లో 54వ నంబరు ఆర్డినెన్సు వచ్చింది, తప్పుడు వార్తల పేరుతో పాత్రికేయుల్నీ లాయర్లనీ లోపల వేస్తున్నారు. ఈజిప్టులోనూ గల్ఫ్‌లోనూ తీవ్రవాదం అన్న ముద్ర మామూలు విమర్శకుడి మీద ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు.

అందుకే హద్దు ఎక్కడ గీయాలి అన్నదానికి నాకు నమ్మకం కలిగించిన కొలత ఒకటే ఉంది, అది 2012లో మొరాకో రాజధాని రబాత్‌లో ఐక్యరాజ్యసమితి పిలిచిన నిపుణులు రాసింది. ఒక మాటను నేరం అనే ముందు ఆరు విషయాలు చూడమన్నారు: అప్పటి పరిస్థితి ఏమిటి, మాట్లాడినవాడి స్థాయి ఏమిటి, ఉద్దేశం ఏమిటి, అన్న మాట ఏమిటి, ఎంతమందికి చేరింది, దానివల్ల హాని జరిగే అవకాశం ఎంత. దీన్ని పెట్టి చూడండి. పొలంలో మంచినీళ్ల దగ్గర తోటి కూలీలతో గొడవపడి ఏదో అన్నదన్న ఆరోపణ ఎదుర్కొన్న ఆసియా బీబీ ఏ కొలతకూ అందదు. ఆమెను చంపితే 5 లక్షల రూపాయలిస్తానని ప్రకటించిన పెషావర్ ఇమామ్ ఆరింటికీ అందుతాడు. జైలుకెళ్లింది ఆమె. ఇది పడమటి దేశాల కొలత అనేవాళ్లకు ఒక మాట. మత దూషణను నిషేధించాలని 1999 నుంచి ఐక్యరాజ్యసమితిలో ఏటా పట్టుబట్టిన ముస్లిం దేశాలే 2011 మార్చిలో దాన్ని పక్కన పెట్టి, మనుషుల్ని హింస నుంచి కాపాడే తీర్మానానికి వచ్చాయి. ప్రవేశపెట్టింది కూడా పాకిస్తానే.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు ఇది చదువుతుంటే, మీకు ఇది పుస్తకాల్లో సంగతి కాదు. యూఏఈలో 2015 నుంచి మతద్వేషం మీద కఠినమైన చట్టం ఉంది, ఏ మతాన్ని కించపరిచినా వర్తిస్తుంది, తక్ఫీర్‌కూ వర్తిస్తుంది. 2020 కరోనా రోజుల్లో ముస్లింల మీద పోస్టులు పెట్టి ఉద్యోగాలు పోగొట్టుకున్న భారతీయులు ఉన్నారు. ఊరి వాట్సాప్ గ్రూపులో వచ్చింది ఆలోచించకుండా అక్కడి నుంచి ఫార్వర్డ్ చేయకండి.

ఇక మీ ఆఖరి ప్రశ్న, ఇది మతంలోనే ఉందా అన్నది. 1953లో పంజాబ్‌లో అహ్మదీయుల మీద (తాము ముస్లింలమే అనే ఒక శాఖ వాళ్లు) అల్లర్లు జరిగాక జస్టిస్ మునీర్, జస్టిస్ కయానీ విచారణ చేశారు. అహ్మదీయులు ముస్లింలు కారు అంటున్న ఉలేమాలను ఒక్కొక్కరినీ పిలిచి, ముస్లిం అంటే ఎవరో చెప్పండి అని అడిగారు. ఏ ఇద్దరి జవాబూ కలవలేదని 1954 నివేదికలో రాశారు. అప్పట్లోనే వాళ్లు చూపించింది ఏమిటంటే, రాజకీయ నాయకులు తమ అవసరానికి ఆ ప్రసంగాల్ని చూసీ చూడనట్టు వదిలేశారని. ఆ రాసిన ఇద్దరూ ముస్లింలే. ఆ చట్టంలో మార్పు కోరడం నేరం కాదని 2015లో ఖాద్రీ అప్పీలు కొట్టేస్తూ రాసిన జడ్జీలూ, ఇతరులకు హాని చేయమని ఫత్వా ఇచ్చేవాళ్లను ప్రాసిక్యూట్ చేయాలని 2019 ఫిబ్రవరిలో ఫైజాబాద్ తీర్పు రాసిన జస్టిస్ ఖాజీ ఫయీజ్ ఈసా కూడా ముస్లింలే. ప్రాణాలకు తెగించి వీళ్లు చేసిన పనిని లెక్కలోకి తీసుకోకుండా అంతా మతమే అనేస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టు.

మీరు అడిగిన వింత అంతా ఒకే కేసులో చూడాలంటే ఇది చూడండి. ముల్తాన్‌లో జునైద్ హఫీజ్ అనే యూనివర్సిటీ లెక్చరర్ మీద 2013లో ఫేస్‌బుక్ పోస్టుల పేరుతో 295-సి కేసు పెట్టారు. మొదటి లాయరు తప్పుకున్నాడు. ఎవరూ ముందుకు రాకపోతే రషీద్ రెహ్మాన్ వకాలత్ తీసుకున్నాడు. 2014 ఏప్రిల్ విచారణలో, జడ్జి ముందే, అవతలి పక్షం వాళ్లు "వచ్చే వాయిదాకి నువ్వుండవు" అన్న అర్థంలో మాట్లాడారు. ఆయన రక్షణ కోరాడు, ఎవరూ ఇవ్వలేదు. మే 7న ఆయన ఆఫీసులోకే వచ్చి కాల్చి చంపారు. కోర్టు హాల్లో ఆ బెదిరింపు మాట అన్నవాళ్ల మీద కేసు నడవలేదు. జునైద్‌కు 2019 డిసెంబరులో మరణశిక్ష పడింది, అప్పీలు ఏళ్ల తరబడి లాహోర్ హైకోర్టులోనే ఉంది.